పాత లారీకి గేర్ ఆయిల్, గ్రీజు: గేర్‌బాక్స్ నుంచి వెనక హబ్బు దాకా

"హౌసింగ్‌లో ఎన్ని లీటర్లు పడుతుందండీ?" పాత లారీ చేతికొచ్చినవాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఇదే. హౌసింగ్ అంటే వెనక చక్రాల నడుమ, క్రౌన్, పినియన్ అనే పళ్ళ చక్రాలూ డిఫరెన్షియలూ ఉండే ఇనుప డొక్క. తాతగారి బండిని షెడ్డులోంచి బయటికి లాగినవాళ్ళూ, పాత సామాన్ల కొట్టులో ముచ్చటపడి కొన్నవాళ్ళూ, అందరూ ఇదే అడుగుతారు. నేను లీటర్ల లెక్క చెప్పను. నలభై, యాభై ఏళ్ళు తిరిగిన బండికి ఎప్పుడో ఎవరో హౌసింగ్ మార్చి ఉంటారు, ఇంకెవరో వేరే గేర్‌బాక్స్ ఎక్కించి ఉంటారు. పుస్తకంలో ఉన్న లెక్క మీ బండి కింద వేలాడుతున్న ఇనుముదే అని నమ్మకం ఏమిటి? కాబట్టి ఎంత పొయ్యాలని అడక్కండి, ఎక్కడ ఆపాలో చూడండి. గేర్‌బాక్స్, హౌసింగ్, ఆ రెంటినీ కలిపే ప్రొపెల్లర్ షాఫ్ట్ చివర్ల ఉండే క్రాసు, దాని స్లైడింగ్ జాయింటు, చక్రం కూర్చునే హబ్బు, ఒక్కోటీ "ఇక చాలు" అని ఒక్కో రకంగా చెబుతుంది.

నేను చెప్పేదంతా నా దగ్గరున్న ముక్కు లారీ, టాటా 1210, మీద చేసిన పని. 1954లో జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో ఒప్పందం చేసుకుని టెల్కోవాళ్ళు (తర్వాత టాటా మోటార్స్ అయిన కంపెనీ) జంషెడ్‌పూర్‌లో మొదలుపెట్టిన వంశం అది. 1969లో ఒప్పందం ముగిశాక ముక్కు మీది బెంజ్ నక్షత్రం పోయింది, లోపలి ఇనుము మాత్రం అదే. లేలాండ్ కామెట్, ఫార్గో, బెడ్‌ఫోర్డ్ ఉన్నవాళ్ళు కూడా ఇదే వరసలో చేసుకోవచ్చు. బోల్టుల సైజులు మారతాయి, పద్ధతి మారదు.

ముందు దగ్గర పెట్టుకోవలసినవి

- గేర్‌బాక్స్‌కి ఎస్‌ఏఈ 90 గేర్ ఆయిల్, జీఎల్-4 రకం.
- హౌసింగ్‌కి 85డబ్ల్యూ-140 లేదా 90, జీఎల్-5 రకం. మే నెల ఎండలో బరువుతో తిరిగే బండైతే నేను 140 వైపే మొగ్గుతాను.
- క్రాసులకి, జాయింట్లకి లిథియం ఈపీ (ఎక్కువ ఒత్తిడి తట్టుకునే) గ్రీజు, 2వ నంబరు. హబ్బు బేరింగులకి ఏపీ-3 గ్రీజు.
- చేత్తో కొట్టే గ్రీజు గన్. గాలితో నడిచేది వద్దు, ఎందుకో తర్వాత చెబుతాను.
- కిరోసిన్, పాత పళ్ళెం, వెడల్పాటి తొట్టి, గరాటు, రెండడుగుల రబ్బరు పైపు, తీగె బ్రష్షు, బోలెడన్ని వేస్ట్ గుడ్డలు.
- ప్లగ్గులకి సరిగ్గా పట్టే పానాలు. చదరపు గుంట ఉన్న ప్లగ్గుకి చదరపు కడ్డీ కావాలి, స్క్రూడ్రైవర్‌తో తిప్పాలని చూడకండి.
- ప్లగ్గు వాషర్లు, యాక్సిల్ ప్యాకింగులు రెండు, హబ్బు ఆయిల్ సీళ్ళు రెండు, హబ్బు నట్టు లాక్ వాషర్లు రెండు. పాతవి మళ్ళీ వేద్దామనుకుంటే ఈ పని మళ్ళీ చేయాల్సి వస్తుంది.
- పది టన్నుల జాకీ, బరువు మోసే స్టాండ్లు, చక్రాలకు అడ్డంపెట్టే చెక్క దిమ్మలు నాలుగు.

ఆయిల్ నంబర్ల గురించి ఒక్క ముక్క చెప్పాలి, చాలామంది ఇక్కడే పడిపోతారు. "ఇంజనుకి 40 పోస్తున్నాం, గేర్‌బాక్స్‌కి 90 అంటే రెట్టింపు చిక్కన కదా" అంటారు. కాదు. ఇంజను ఆయిల్‌కి ఒక కొలబద్ద, గేర్ ఆయిల్‌కి ఇంకో కొలబద్ద. గేర్ ఆయిల్ 90 చిక్కదనం ఇంచుమించు ఇంజను ఆయిల్ 40, 50 అంతే. అందుకే పాత పుస్తకం గేర్‌బాక్స్‌లో ఇంజను ఆయిల్ పొయ్యమన్నా కంగారుపడకండి, అది అచ్చుతప్పు కాదు.

ఇక జీఎల్-4, జీఎల్-5. ఇవి గేర్ ఆయిల్ రకాల గుర్తులు. నంబరు పెద్దది కాబట్టి 5 మంచిదనుకుని గేర్‌బాక్స్‌లో పోసేస్తారు. జీఎల్-5లో గంధకం, భాస్వరం కలిసిన మందు ఎక్కువ. క్రౌన్, పినియన్ పళ్ళు ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ తిరిగే చోట ఆ మందే ప్రాణం. అదే మందు గేర్‌బాక్స్‌లోని ఇత్తడి రింగుల్ని, కంచు బుష్షుల్ని వేడి మీద కొద్దికొద్దిగా కొరుక్కుతింటుంది. దుకాణంలో "అన్నిటికీ ఒకటే డబ్బా" ఇస్తే తీసుకోకండి. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో జీఎల్ నంబరు ఉంటుంది, అది చదివాకే మూత తియ్యండి.

మీ హౌసింగ్ ఏ రకమో ఇలా పోల్చుకోండి. బండి వెనకనుంచి దూరి, ప్రొపెల్లర్ షాఫ్ట్ హౌసింగ్‌లోకి వెళ్ళే చోటు చూడండి. పినియన్ నడిమధ్య యాక్సిల్ గొట్టం నడిమధ్య కంటే కిందకి ఉంటే అది హైపాయిడ్. దానికి జీఎల్-5 తప్ప ఇంకోటి పొయ్యకూడదు. రెండూ ఒకే మట్టంలో ఉంటే పాత రకం బెవెల్, దానికి జీఎల్-4 సరిపోతుంది.

1. బండిని తిప్పి తెచ్చి, చదునైన చోట ఆపండి

పది, పదిహేను కిలోమీటర్లు నడిపి తేవాలి. చల్లగా ఉన్న గేర్ ఆయిల్ బెల్లంపాకంలా కదలదు, అడుగున మడ్డి అలాగే ఉండిపోతుంది. వేడి మీద విప్పితే మడ్డితో సహా జారిపోతుంది. చెయ్యి కాలుతుంది, జాగ్రత్త. బండి నడిచే స్థితిలో లేకపోతే ఆయిల్ దించి రాత్రంతా అలా కారనివ్వండి.

నేల వాలుగా ఉంటే ఆయిల్ మట్టం అబద్ధం చెబుతుంది. చప్టా ఉంటే మేలు. ముందు చక్రాలు పల్లంలో, వెనకవి మెరకలో ఉంటే హౌసింగ్‌లో ఆయిల్ ముందుకు చేరుతుంది. తక్కువే పోసి, నిండిందని మీరు అనుకుంటారు, లేదా కారేటట్టు పోస్తారు.

2. బండి కదలకుండా కట్టెయ్యండి

చక్రాలకు రెండువైపులా దిమ్మలు. ఇక్కడ తెలియక ప్రాణం మీదకి తెచ్చుకునే సంగతి ఒకటుంది. వెనక చక్రం ఒక్కటి జాకీ మీద లేపితే, గేర్‌లో పెట్టిన బండి కూడా కదులుతుంది. డిఫరెన్షియల్ పని అదే కదా, గాల్లో ఉన్న చక్రం తిరుగుతూ నేల మీది చక్రాన్ని తిరగనిస్తుంది. కొన్ని పాత బండ్లలో హ్యాండ్‌బ్రేకు చక్రాలకు కాక గేర్‌బాక్స్ వెనక షాఫ్ట్ మీద ఉంటుంది. షాఫ్ట్ విప్పారంటే ఆ బ్రేకు లేనట్టే. దిమ్మలు పెట్టాకే బండి కిందకి దూరండి. జాకీ ఎత్తడానికి మాత్రమే, బరువు నిలపడానికి స్టాండ్లు ఉండాలి. ఇటుకలు పేర్చి పని చేసేవాళ్ళని చూశాను, అలాంటి చోట నేను నిలబడను కూడా.

3. ముందు పై ప్లగ్గు విప్పండి, తర్వాతే కింది ప్లగ్గు

పై ప్లగ్గు అంటే పక్కన ఉండే లెవెల్ ప్లగ్గు, కొత్త ఆయిల్ పోసేది అక్కడినుంచే. ఈ మొత్తంలో ఒక్క వాక్యమే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి. నేను మొదటిసారి హడావుడిగా కింది బోల్టు విప్పి ఆయిల్ అంతా దించేశాను. తర్వాత చూస్తే పక్కనుండే లెవెల్ ప్లగ్గు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. కడ్డీ పెట్టి లాగితే చదరపు గుంట గుండ్రం అయిపోయింది. బండి నాలుగు రోజులు చుక్క ఆయిల్ లేకుండా, కదల్చడానికి వీల్లేకుండా, ఇంటి ముందు దారికడ్డంగా పడుంది. చివరికి ప్లగ్గుకి ఒక నట్టు వెల్డింగ్ చేయించి దాన్ని పట్టుకుని తిప్పాల్సొచ్చింది.

పై ప్లగ్గు రాకపోతే ముందురోజు సాయంత్రమే చుట్టూ తీగె బ్రష్షుతో శుభ్రం చేసి తుప్పు వదిలించే ఆయిల్ వెయ్యండి. పొద్దున సుత్తితో ప్లగ్గు నడిమి మీద రెండు మూడు గట్టి దెబ్బలు వేసి తిప్పండి. దెబ్బకి మర దగ్గర తుప్పు చిట్లుతుంది. అప్పటికీ రాకపోతే పని ఆపెయ్యండి. పాత ఆయిల్ ఉన్న బండి కనీసం మెకానిక్ దాకా వెళ్తుంది.

4. గేర్‌బాక్స్

కింద తొట్టి పెట్టి డ్రెయిన్ ప్లగ్గు విప్పండి. ఆఖరి మరల దగ్గర ప్లగ్గుని పైకి నొక్కిపట్టి తిప్పి, చటుక్కున పక్కకు లాగితే చెయ్యి మీద పడదు. అరగంట కారనివ్వండి.

కారుతున్నంతసేపు ఊరికే కూర్చోకండి, వచ్చేదాన్ని చూడండి. ప్లగ్గుకి అయస్కాంతం ఉంటే దాని మీద బూడిదరంగు పేస్టు ఉంటుంది, అది మామూలే. వేళ్ళ మధ్య రుద్దితే గరుకు తగలకూడదు. గోరంత ఇనుప పెంకులు వస్తే పన్ను విరిగింది, మూత విప్పి చూడాల్సిందే. ఆయిల్‌ని ఎండలో పెట్టి చూస్తే బంగారం పొడిలా మెరిస్తే ఇత్తడి అరుగుతోంది. కొంచెం మెరుపు పాత బండిలో సహజం. ధారలో తళతళలాడుతుంటే గేర్ పడేటప్పుడు గరగరలాడుతోందా అని గుర్తుచేసుకోండి, రెండూ కలిస్తే లోపల పని ఉంది.

ఆయిల్ మజ్జిగలా తెల్లగా వస్తే నీళ్ళు చేరాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో పేటలకు పేటలు మునిగాయి గదా, అలా నీళ్ళలో నిలబడిన ఏ బండికైనా పైకి ఏమీ కనబడకపోయినా ఇది చూసుకోవాలి. నీళ్ళు కనబడితే కొత్త ఆయిల్ పోసి, ఐదు కిలోమీటర్లు తిప్పి, వేడి మీద అదీ దించేసి, మళ్ళీ పొయ్యండి. డబ్బు దండగ అనిపిస్తుంది. బేరింగ్ దొరకని బండికి ఆయిల్ ఖర్చు ఒక ఖర్చా!

కిరోసిన్ పోసి లోపల కడగమని సలహా ఇస్తారు. గేర్‌బాక్స్‌కి వద్దు. మూలల్లో నిలిచిపోయిన కిరోసిన్ కొత్త ఆయిల్‌ని పలచన చేస్తుంది, పాత మడ్డిని కదిలించి బేరింగుల్లోకి తోస్తుంది.

కింది ప్లగ్గు కొత్త వాషర్‌తో బిగించి, పక్క రంధ్రంలోంచి గరాటు, పైపు పెట్టి పొయ్యండి. ఆపాల్సిన చోటు: ఆయిల్ ఆ రంధ్రం కింది అంచు దాకా వచ్చి, సన్నగా బయటికి జారడం మొదలుపెట్టినప్పుడు. వెంటనే మూసెయ్యకండి. పది నిమిషాలాగి, జారడం ఆగాక చిటికెన వేలు లోపల పెట్టి చూడండి, వేలి కొస తడవాలి. వేలు వంచితే తప్ప తగలకపోతే ఇంకొంచెం పొయ్యండి.

5. హౌసింగ్

పద్ధతి ఇదే, తేడాలు రెండు. మొదటిది, పైనున్న బ్రీదర్. హౌసింగ్ మీద చిటికెన వేలంత గొట్టమో, టోపీ ఉన్న చిన్న బోల్టో ఉంటుంది. దశాబ్దాల మట్టి, గ్రీజు కలిసి దాన్ని మూసేసి ఉంటాయి. బండి నడిచి వేడెక్కితే లోపలి గాలి ఉబ్బుతుంది. బ్రీదర్ మూసుకుపోతే ఆ గాలి సీళ్ళని తోసుకుని ఆయిల్‌తో సహా బయటపడుతుంది. మూడుసార్లు సీలు మార్చినా కారుతోందని తల పట్టుకునేవాళ్ళని నేను ముందు అడిగేది "బ్రీదర్ విప్పారా?" అనే. విప్పి, కిరోసిన్‌లో నానబెట్టి, నోటితో ఊది చూడండి. గాలి ధారాళంగా పోవాలి. వేడిగా ఉన్న హౌసింగ్‌ని వాగులో దించితే లోపలి గాలి ఒక్కసారి ముడుచుకుని నీళ్ళని ఈ దారినే పీలుస్తుంది. వాగు దాటొచ్చిన బండికి ఆయిల్ చూడాలనేది అందుకే.

రెండోది, ఎక్కువ పొయ్యడం. "కొంచెం ఎక్కువుంటే మంచిదేగా" అని పైపు పైకెత్తి లీటరు అదనంగా కుక్కేస్తారు. ఆ లీటరు ఎక్కడికి పోతుంది? యాక్సిల్ గొట్టాల వెంట హబ్బుల్లోకి పోయి, అక్కడి గ్రీజుని కరిగించి, సీలు దాటి బ్రేకు లైనర్ల మీద పడుతుంది. తడిసిన లైనరు కడిగితే బాగుపడదు, మార్చాల్సిందే. బరువుతో ఘాట్ రోడ్డు దిగుతున్నప్పుడు ఒకవైపే బ్రేకు పడితే ఏమవుతుందో లారీ నడిపినవాళ్ళకి చెప్పక్కర్లేదు. రంధ్రం కింది అంచు దగ్గరే ఆపండి.

6. క్రాసులు

గ్రీజు నిపుల్‌ని, అంటే గన్ పెట్టే చిన్న మూతిని, ముందు గుడ్డతో తుడవండి. ఇది ముసలమ్మ జాగ్రత్తలా కనిపిస్తుంది గానీ, తుడవకుండా గన్ పెడితే నిపుల్ మీది ఇసుకని మీ చేత్తో మీరే బేరింగ్‌లోకి కొట్టినట్టు.

క్రాసు నాలుగు కొసలకీ బేరింగ్ కప్పులు నాలుగు. గ్రీజు నాలుగింటి నుంచీ బయటికి రావాలి. మూడింటి నుంచి వచ్చింది కదా అని ఆపేస్తే, రాని ఆ నాలుగోదే రేపు విరుగుతుంది. మొదట వచ్చేది నల్లగానో, తుప్పురంగులోనో ఉంటుంది. కొత్త గ్రీజు రంగు కనబడేదాకా నెమ్మదిగా కొట్టండి. గాలి గన్ వద్దన్నది ఇందుకే. అది ఒక్క దెబ్బతో ఒక సీలుని చీల్చి ఆ దారినే గ్రీజంతా పోనిస్తుంది, మిగతా మూడు పొడిగా ఉండిపోతాయి.

ఒక కప్పు మొరాయిస్తే ఈ వరసలో ప్రయత్నించండి:

- షాఫ్ట్‌ని చేత్తో పట్టుకుని ఆ కప్పుకి ఎదుటివైపుకి తోసిపట్టి కొట్టండి.
- షాఫ్ట్‌ని అరచుట్టు తిప్పి, ఆ కప్పు పైకి వచ్చేలా ఉంచి కొట్టండి.
- ఆ కప్పు పట్టీ బోల్టులు రెండు చుట్లు వదులుచేసి కొట్టండి, గ్రీజు రాగానే బిగించండి.
- అప్పటికీ రాకపోతే క్రాసు విప్పాలి. కప్పు మూలన ఎర్రటి పొడి కనిపిస్తే ఈ ప్రయత్నాలేవీ చేయకుండానే విప్పండి. అది సూదుల్లాంటి రోలర్లు అరిగిన పొడి, గ్రీజు దాన్ని బాగుచేయదు.

ఇదివరకు ఏ గ్రీజు వాడారో తెలియని బండైతే కొత్తది కొంచెం ధారాళంగానే కొట్టి, పాతదంతా బయటికి తోసెయ్యండి. కాల్షియం గ్రీజు, లిథియం గ్రీజు, బెంటోన్ గ్రీజు ఒకదాన్లో ఒకటి కలిస్తే ఒక్కోసారి నీళ్ళలా జారిపోతాయి.

7. స్లైడింగ్ జాయింటు

కమాన్ పట్టీలు కిందకీ మీదకీ ఆడినప్పుడు షాఫ్ట్ పొడవు కొంచెం పెరుగుతూ తగ్గుతూ ఉండాలి. అందుకే పళ్ళున్న ఈ జాయింటు. దీనికి గ్రీజు కొట్టడంలో ఒక కిటుకు ఉంది, చాలామందికి తెలియదు. జాయింటు ఒక చివర చిన్న మూత, దాని నడుమ సూదంత రంధ్రం ఉంటుంది. ముందు ఆ రంధ్రంలోంచి గ్రీజు పురుగులా బయటికి వచ్చేదాకా కొట్టండి. తర్వాత ఆ రంధ్రాన్ని బొటనవేలితో మూసి, రెండో చివర దుమ్ము సీలు దగ్గర గ్రీజు కనబడేదాకా మళ్ళీ కొట్టండి. వేలు తీసెయ్యండి. వేలు అడ్డుపెట్టకపోతే గ్రీజంతా దగ్గరి దారిన పోతుంది, పళ్ళు సగం పొడిగా ఉంటాయి. మొదటి గేర్‌లో కదిలేటప్పుడు కింద "టక్" మనే చప్పుడు వినిపించే బండ్లకి ముందు ఇదే చేసి చూడండి. చప్పుడు తగ్గితే అదృష్టం. తగ్గకపోతే పళ్ళు అరిగాయి.

షాఫ్ట్ విప్పే పని పడితే, విప్పకముందే రెండు ముక్కల మీదా సుద్దతో కాదు, ఉలితో ఒకే గీత కొట్టండి. కొన్నిటికి బాణం గుర్తులు ముందే ఉంటాయి, మట్టి కింద వెతకండి. ఒక్క పన్ను పక్కకి పడినా రెండు చివర్ల క్రాసులు ఒకే వరసలో ఉండవు. బండి వేగం నలభై దాటగానే స్టీరింగ్‌తో సహా వణుకుతుంది. ఆ వణుకుని చక్రాల మీదకి, ఇంజను దిమ్మల మీదకి నెట్టి వేలకు వేలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు.

8. సెంటర్ బేరింగ్, క్లచ్ బేరింగ్

ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని నడుమ మోసే సెంటర్ బేరింగ్‌కి నిపుల్ ఉంటేనే గ్రీజు, రెండు మూడు దెబ్బలే. సీలు ఉబ్బేదాకా కొట్టొద్దు. నిపుల్ లేకపోతే మూసివచ్చిన బేరింగ్, వదిలెయ్యండి. చుట్టూ ఉన్న రబ్బరు చిట్లిందేమో మాత్రం చూడండి.

క్లచ్ బేరింగ్‌కి ఒక్క దెబ్బ. ఆశపడి నాలుగు కొడితే గ్రీజు వేడికి విసిరేసి క్లచ్ ప్లేటు మీద పడుతుంది. అప్పుడు గేర్‌బాక్స్ దించాలి.

9. వెనక హబ్బులు

ఓపిక కావలసిన పని ఇదే. ఒక పూట ఒక వైపు పెట్టుకోండి.

చక్రం లేపి, స్టాండు పెట్టి, యాక్సిల్ ఫ్లాంజి నట్లు విప్పండి. నట్ల కింద కోను వాషర్లుంటే యాక్సిల్ రాదు. ఫ్లాంజి నడిమధ్య పెద్ద సుత్తితో గట్టిగా కొట్టండి, కోనులు వదులై బయటికి వస్తాయి. స్క్రూడ్రైవర్‌తో పెకలిస్తే ఫ్లాంజి అంచు గాయపడి, ప్యాకింగ్ ఎన్నిసార్లు మార్చినా కారుతుంది. యాక్సిల్ లాగేటప్పుడు కింద పళ్ళెం ఉంచండి. పాత బండ్లకి ఎడమవైపు కొన్ని నట్లు ఎడమ మరతో ఉంటాయి. స్టడ్ కొసన గుర్తుందేమో చూశాకే బలం పెట్టండి.

లాక్ వాషర్ వంపు సాపుచేసి, హబ్బు నట్టు విప్పి, బేరింగులు తియ్యండి. ఎడమవి ఎడమకి, కుడివి కుడికి, లోపలివి లోపలికి, పక్కపక్కన గుడ్డ మీద వరసగా పెట్టండి. బేరింగు, దాని కప్పు కలిసి అరుగుతాయి, జత మార్చకూడదు.

కిరోసిన్‌లో బ్రష్షుతో కడగండి, పెట్రోలు వద్దు. కడిగాక గాలి గొట్టం పెట్టి "జుయ్" మని తిప్పి ఆరబెట్టడం చాలా షెడ్లలో వేడుక. పొడి బేరింగ్ ఆ వేగానికి గీసుకుపోతుంది, పగిలి రోలర్లు కళ్ళలోకి ఎగిరే ప్రమాదమూ ఉంది. తుడిచి, ఎండలో పెట్టండి. ఆరాక రోలర్ల మీద వేలి గోరు ఆనించి నడపండి. గుంటలు తగిలినా, నీలిరంగు తిరిగినా కొత్తది వెయ్యండి.

గ్రీజు పట్టించడం చూడండి. ఎడమ అరచేతిలో నిమ్మకాయంత ఏపీ-3 గ్రీజు వేసుకోండి. బేరింగ్‌ని కుడిచేత్తో పట్టుకుని, దాని వెడల్పు అంచుతో అరచేతి అంచు మీది గ్రీజుని గోకుతున్నట్టు లోపలికి నొక్కండి. రోలర్ల మధ్యనుంచి గ్రీజు అవతలివైపు పైకి పొడుచుకొస్తుంది. అది ఇక్కడ "చాలు" అనే ఆనవాలు. కొంచెం తిప్పి మళ్ళీ నొక్కండి, చుట్టూ పూర్తవ్వాలి. పైపైన పూస్తే లోపల పొడిగానే ఉంటుంది.

హబ్బు లోపలి ఖాళీని గ్రీజుతో నింపెయ్యకండి. గోడకి పలచగా పూసి, ఖాళీలో మూడోవంతు మించకుండా ఉంచండి. నిండా కూరితే వేడికి ఉబ్బి సీలుని తోసేస్తుంది.

కొత్త సీలు వేసి, హబ్బు ఎక్కించి, చక్రం తిప్పుతూ నట్టు బిగించండి. చక్రం బరువుగా తిరిగే దాకా బిగించి, తర్వాత సుమారు ఆరోవంతు చుట్టు వెనక్కి తిప్పండి. చక్రం పైనా కిందా పట్టుకుని ఊపితే ఉందా లేదా అన్నంత ఆట ఉండాలి. చేతికి స్పష్టంగా తెలిసేంత ఆట ఉంటే ఇంకొంచెం బిగించండి. అసలు లేకపోతే బేరింగ్ కాలుతుంది. కొత్త లాక్ వాషర్ వంచి, కొత్త ప్యాకింగ్‌తో యాక్సిల్ బిగించండి. ఆ తర్వాత హౌసింగ్ ఆయిల్ మట్టం మళ్ళీ ఒకసారి చూడండి, యాక్సిల్ లాగినప్పుడు కొంత ఆయిల్ పోయి ఉంటుంది.

లాక్కురావాల్సి వస్తే

ఊళ్ళో పడున్న బండిని తాడు కట్టి ఆటోనగర్ దాకా లాక్కొస్తారు. న్యూట్రల్‌లో ఉంది కదా, ఏమవుతుందిలే అనుకుంటారు. ఇంజను తిరగకపోతే గేర్‌బాక్స్‌లో అడుగునుండే షాఫ్ట్ తిరగదు. ఆయిల్‌ని పైకి చిమ్మేది అదే. వెనక చక్రాలు మాత్రం పై షాఫ్ట్‌ని తిప్పుతూనే ఉంటాయి. అడుగున ఆయిల్ నిండుగా ఉన్నా పై బేరింగులు పొడిగా తిరిగి కాలిపోతాయి. వీధి చివరికి అయితే సరే. అంతకు మించితే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని హౌసింగ్ దగ్గర విప్పి, పైకి ఎత్తి కట్టండి. లేదా రెండు యాక్సిళ్ళూ లాగి, హబ్బుల మూతికి గుడ్డ కట్టి తీసుకురండి.

పని అయ్యాక చూసుకోవలసింది

ఇరవై కిలోమీటర్లు తిప్పి రండి. బ్రేకు ఎక్కువగా వాడకుండా ఆగి, నాలుగు హబ్బులనీ, హౌసింగ్‌నీ, సెంటర్ బేరింగ్‌నీ చేతి వెనకవైపుతో తాకండి. వెచ్చగా ఉండటం సహజం. వేడి ఎంతన్నది కాదు, ఎడమకి కుడికి తేడా చూడండి. ఒకటి చెయ్యి ఆనించనివ్వకపోతే ఆ నట్టు బిగువైంది, లేదా ఆ వైపు బ్రేకు పట్టేస్తోంది. చక్రం లేపి చేత్తో తిప్పితే ఏదో తెలిసిపోతుంది.

తేదీ, కిలోమీటర్లు, ఏ ఆయిల్, ఏ గ్రీజు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి డ్రైవరు తలుపు లోపల అంటించండి. నెలకోసారి మాత్రమే బయటికి తీసే బండికి కిలోమీటర్ల లెక్క పనికిరాదు. క్రాసులకి ఆరు నెలలకోసారీ, నీళ్ళతో కడిగిన ప్రతిసారీ గ్రీజు కొడతాను. ఆయిళ్ళు రెండేళ్ళకి మారుస్తాను. దించిన పాత ఆయిల్‌ని డబ్బాల్లో పట్టి, వాడిన ఆయిల్ కొనేవాళ్ళకి ఇచ్చెయ్యండి. చెదలకి మంచిదని దూలాలకి పూసేవాళ్ళున్నారు, కాలవలో పారబోసేవాళ్ళూ ఉన్నారు. రెండూ వద్దు.

ఆ రాత్రి బండి కింద పెద్ద అట్టపెట్టె విప్పి పరచండి. పొద్దున్నే మరకలు చదవండి. గేర్‌బాక్స్ కింద రూపాయి బిళ్ళంత చుక్క ఉంటే ప్లగ్గు ఇంకొంచెం బిగించి, వారం చూడండి. హౌసింగ్ ముందు, షాఫ్ట్ కలిసే చోట కింద పడితే పినియన్ సీలు. వెనక చక్రం లోపలి అంచున తడి కనబడితే వేలితో అద్ది వాసన చూడండి. గేర్ ఆయిల్ అయితే గంధకం ఘాటు ముక్కుకి కొడుతుంది. అప్పుడు డ్రమ్ము విప్పి సీలు, తడిసిన లైనర్లు మార్చేదాకా ఆ బండి చక్రాల కింది దిమ్మలు తియ్యకండి.